బాల్కనీకొచ్చిన ఆవాల చుట్టం

అక్టోబరులో విశాఖలో మా ఎంవీపీ కాలనీ బాల్కనీలో పాతిన నాస్టర్షియం గింజలు సంక్రాంతి నాటికి గ్రిల్లు నిండా పాకి, నారింజ, పసుపు రంగుల్లో పూశాయి. చూడ్డానికొచ్చిన పిన్ని ఒక ఆకు తుంపి నమిలింది. "ఇదేటే, ఆవ పెట్టిన పనసపొట్టు కూరలా ముక్కుకెక్కింది!" అంది.

పిన్ని నాలుక తప్పు చెప్పలేదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల నుంచి వచ్చిన ఈ తీగ ఆవాలకు దూరపు చుట్టమే. బొప్పాయి, మునగ కూడా బ్రాసికేల్స్ అనే అదే వర్గంలోవి. ఈ మొక్క ఆకులో గ్లూకోసినోలేట్ అనే పదార్థం ఒకచోట, దాన్ని విడగొట్టే ఎంజైము వేరొకచోట ఉంటాయి. ఆకు నలిగితే రెండూ కలిసి ఘాటు పుడుతుంది. ఆవాలు నూరి తడిపితే జరిగేదీ ఇదే. కాకపోతే ఆవఘాటు అల్లైల్ ఐసోథయోసయనేట్ అనే రసాయనానిది, దీనిది బెంజైల్ ఐసోథయోసయనేట్‌ది. బొప్పాయి గింజ కొరికితే తగిలే కారం కూడా ఈ బెంజైల్ రకమే. అసలు నాస్టర్షియం అన్న లాటిన్ మాటకే ముక్కు మెలితిప్పేది అని అర్థం చెబుతారు. మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్‌కు మాత్రం దీని గుండ్రటి ఆకులో డాలు, పువ్వులో శిరస్త్రాణం కనిపించాయి. అందుకే ఓడిన శత్రువుల డాళ్ళు, శిరస్త్రాణాలు తగిలించే గ్రీకుల విజయచిహ్నం పేరు మీద ట్రోపియోలం అన్నాడు. నాకైతే పిన్ని పోలికే నచ్చింది.

దీని ఎగబాకుడూ వింతే. సొరపాదుకున్నట్టు నులితీగలు దీనికి లేవు. ఆకు కాడే దేన్నైనా తాకితే దాని చుట్టూ మెలి తిరుగుతుంది. ఇలా ఆకులతో ఎక్కే మొక్కలను డార్విన్ ప్రత్యేకంగా పరిశీలించాడు. కాడ సన్నం కాబట్టి లావుపాటి వాసాన్ని చుట్టలేదు. మొదట్లో నేను వెదురు బొంగు పాతాను, తీగ జారి కిందే పడి ఉంది. పురికొస కట్టాక పాకింది. ఎరువు దండిగా వేస్తే ఆకులే పెరిగి పూలు తగ్గుతాయి, అదీ చేసి చూశాను.

ఆకు తామరాకు లాంటిదే. కాడ ఆకు మధ్యలో అతుక్కుని ఉంటుంది. పైన సన్నటి మైనపు పొర ఉండటంతో నీళ్ళు చల్లితే ముత్యాల్లా దొర్లిపోతాయి.

మార్చిలో విశాఖ ఉక్కపోత మొదలవగానే తీగ వాడింది. పువ్వు రాలినచోట మూడేసి పచ్చి గింజలు. ఐరోపాలో వీటిని వెనిగర్‌లో ఊరవేసుకుంటారని చెప్పాను. పిన్ని సగం గింజలు తీసుకెళ్ళి నిమ్మరసంలో వేసింది. మిగతా సగం ఎండబెట్టి డబ్బాలో దాచాను, అక్టోబరుకి.