గుర్రాల రేవు హర్ముజ్

ఇవాళ చమురు ఓడల జలసంధిగా వార్తల్లో నలిగే హర్ముజ్ ఒకప్పుడు గుర్రాల రేవు. పాత ఊరు ఇరాన్ తీరంలో, మీనాబ్ దగ్గర ఉండేది. మంగోలు దండ్ల దాడులు పడలేక 1300 ప్రాంతంలో పాలకుడు అయాజ్ దాన్ని ఎదురుగా ఉన్న జరూన్ దీవికి మార్చాడు. దాడుల బెడద తప్పింది. కానీ ఆ దీవిలో ఉన్నవి ఉప్పు కొండలు, ఎర్రమట్టి. పంట లేదు. తాగునీళ్లు కూడా కెష్మ్ దీవి నుంచో, తీరం నుంచో పడవల్లో రావాల్సిందే. వచ్చిపోయే సరుకు మీద సుంకమే రాజ్యానికి ఆధారం.

ఆ సరుకులో దక్కనుకు ముఖ్యమైనది గుర్రం. మన వేడికీ మేతకూ మేలుజాతి గుర్రాలు నిలవవు, సంతతీ సరిగా పెరగదు. అందుకే ఏటేటా కొనాలి. పాత రేవులో ఓడలు చూసిన మార్కో పోలో, వాటికి ఇనుప మేకులు లేవనీ, పలకల్ని కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారనీ రాశాడు. పైతట్టు (డెక్) ఉండదు. సరుకు మీద తోళ్లు కప్పి, వాటి మీదే గుర్రాల్ని నిలబెట్టేవారు. అలాంటి ఓడలు చాలా మునిగిపోయేవట! విజయనగర రాజు సాళువ నరసింహుడు ఈ నష్టాన్ని తన మీద వేసుకున్నాడని పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ చెబుతాడు: వెయ్యి వరహాలకు మూడు చొప్పున, బతికినా చచ్చినా కొనేవాడు. సముద్రంలో చచ్చినదానికి తోక చూపిస్తే చాలు. ఓడ యజమానికి ఇంతకంటే మంచి బీమా ఏముంటుంది?

లాభం కనబడ్డాక పోర్చుగీసులు ఊరుకోలేదు. 1507లో వారి సేనాని అల్బుకెర్క్ కప్పం రాయించుకుని కోట మొదలెట్టాడు. సొంత కెప్టెన్లే వదిలిపోవడంతో అది ఆగింది. 1515లో తిరిగొచ్చి పని పూర్తిచేశాడు. స్థానిక రాజు పేరుకు మిగిలాడు. గుర్రాల బేరం గోవాకు మళ్లింది.

పతనం నీళ్ల దగ్గరే మొదలైంది. బావులున్న కెష్మ్‌లో 1621లో పోర్చుగీసులు కోట కట్టారు. 1622 ఆరంభంలో ఇరాన్ రాజు షా అబ్బాస్ సేన, ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడలు కలిసి ముందు దాన్ని పట్టాయి. నీటి దారి తెగిన హర్ముజ్ కొద్ది నెలల్లోనే లొంగింది. షా ఆ ఊరిని మళ్లీ నిలబెట్టలేదు. వ్యాపారాన్ని ఎదుటి తీరానికి, బందర్ అబ్బాస్‌కు తరలించాడు. సాయానికి ప్రతిగా అక్కడి సుంకంలో సగం ఇంగ్లీషువాళ్లకు ఇస్తామన్నారు. ఆ సగం పూర్తిగా చేతికందడం మాత్రం అరుదే.