తప్పు మీదే అన్నారా? అయినా పరిహారం అడగండి

పటాన్‌చెరు, జీడిమెట్ల వైపు ఫ్యాక్టరీ ప్రమాదాల్లో దెబ్బతిని నా దగ్గరికి వచ్చే కార్మికుల కుటుంబాలలో చాలామంది కూర్చోకముందే అనే మాట ఒకటుంది: "తప్పు మావారిదేనండి, ఏమీ రాదట కదా?" ఆ 'అట' ఆస్పత్రి వరండాలో పుడుతుంది. సూపర్‌వైజరు అంటాడు, కాంట్రాక్టరు తల ఊపుతాడు, మేలు కోరే బంధువు కూడా నమ్మేస్తాడు. నా ఇరవై ఏళ్ల వకాల్తాలో ఇంతమంది నోటి దగ్గర కూడు లాగేసిన అబద్ధం ఇంకొకటి చూడలేదు.

1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం తప్పెవరిదని అడగదు. పనిలో ఉండగా, పని కారణంగా దెబ్బ తగిలిందా అన్నదే చూస్తుంది. ఏమరుపాటు, అలసట, నిద్రమత్తు పరిహారానికి అడ్డు కావు. కార్మికుడి తప్పు పేరుతో చూపగల మినహాయింపులు మూడే: తాగి లేదా మత్తుమందు తీసుకుని ఉండటం, భద్రతా నియమాన్ని కావాలని ధిక్కరించడం, యంత్రానికి అడ్డుగా బిగించే గార్డు వంటి రక్షణ సాధనాన్ని కావాలని తీసేయడం. మనిషి చనిపోయినా, శాశ్వతంగా ఏ పనీ చేయలేని స్థితి వచ్చినా ఈ మూడూ చెల్లవు. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ నియమం అలాగే ఉంది.

కాబట్టి పాక్షిక వైకల్యం దగ్గరే యాజమాన్యాలు 'గార్డు వాడే తీసేశాడు' అనే పాట ఎత్తుకుంటాయి. 2023 మొదట్లో పవర్ ప్రెస్ (రేకులను నొక్కి కోసే యంత్రం) నడిపే ఒక ఆపరేటరుకు కుడిచేతి వేళ్లు నాలుగు పోయాయి. వయసు 40. జీతం 21,000 దాటడంతో ఈఎస్‌ఐ (కార్మికుల బీమా పథకం)లో లేడు, కాబట్టి ఈ చట్టమే దిక్కు. అరవై వేలు చేతిలో పెట్టి బాండు పేపరు మీద సంతకం చేయమన్నారు. కుడిచేయి కట్టులో ఉంది కాబట్టి ఎడమచేతి వేలిముద్ర చాలట! ఆయన భార్య ప్లాస్టిక్ కవరులో డిశ్చార్జి కాగితాలు పట్టుకుని వచ్చి, నా బల్ల ముందు భర్తను తిట్టుకుంటూ ఏడ్చింది. తోటి కార్మికుడి ఫోనులో అంతకుముందు దసరాకు తీసిన ఆయుధపూజ ఫొటో దొరికింది. ప్రెస్‌కు బంతిపూల దండ, పసుపు, కుంకుమ బొట్లు అన్నీ ఉన్నాయి, గార్డు మాత్రం లేదు. అది వెనక గోడకు చేరవేసి ఉంది, దానికీ ఒక బొట్టు! ప్రమాదానికి నెలల ముందే, అందరి కళ్లెదుటే గార్డు ఊడదీసి ఉంటే అది కార్మికుడు కావాలని చేసిన పని ఎలా అవుతుంది? నిరూపించాల్సిన భారం యాజమాన్యానిదే.

లెక్క చూడండి. ఒక చేతి నాలుగు వేళ్లు పోతే చట్టం షెడ్యూలు ప్రకారం సంపాదన నష్టం 50 శాతం. జీతం ఎంతున్నా లెక్కకు తీసుకునే నెల వేతనానికి అప్పటి పరిమితి 15,000, అందులో 60 శాతం అంటే 9,000. దాన్ని 40 ఏళ్ల వయసుకు చట్టం ఇచ్చిన గుణకం 184.17తో హెచ్చించి సగం తీసుకుంటే 8,28,765 రూపాయలు. వాళ్లు ఇస్తామన్నది అరవై వేలు.

మిగతా అపోహలకు ఇంత ఓపిక పెట్టను. బాండు మీద సంతకం పెడితే హక్కు పోతుందన్నది అబద్ధం, హక్కును వదులుకునే ఒప్పందమే చెల్లదు. మరణం కేసులలో పరిహారం కార్మిక శాఖలోని కమిషనర్ దగ్గరే జమ కావాలి, మూడు నెలల జీతం దాకా ఇచ్చే అడ్వాన్సు తప్ప ఇంటికి వచ్చి నేరుగా ఇచ్చింది లెక్కలోకి రాదు. కాంట్రాక్టు కార్మికుడికి కంపెనీతో సంబంధం లేదంటారు, కానీ అసలు యజమాని దగ్గరే వసూలు చేయవచ్చు, ఆయన కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకుంటాడు. 2025 జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీలో జరిగిన పేలుడు తర్వాత 'పొరుగు రాష్ట్రాల వాళ్లకు రాదట' అని కూడా విన్నాను. చట్టానికి సొంతూరు ఏదైనా ఒకటే. ఈఎస్‌ఐ ఉన్నవాళ్లు పని ప్రమాదానికి ఇన్ని రోజులు చందా కట్టి ఉండాలన్న షరతేమీ లేదు, చేరిన మొదటి రోజైనా వర్తిస్తుంది.

ఫ్యాక్టరీల శాఖ ఇన్‌స్పెక్టరు వచ్చి రాసుకుని వెళ్లారు కదా, డబ్బు అదే వస్తుందని ఎదురుచూడకండి. ఆయన పని నిబంధనలు ఉల్లంఘించిన యాజమాన్యం మీద కేసు పెట్టడం. పరిహారం కోసం ఆ కమిషనర్ దగ్గర మీరే దరఖాస్తు వేయాలి, అదీ రెండేళ్లలోపు. నిరుడు ఒక తండ్రి పోలీసు కేసు తేలేదాకా ఆగి, మూడో ఏడు నడుస్తుండగా వచ్చారు. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తూ ఇప్పుడు విడిగా ఒక పిటిషను వేసి వాదిస్తున్నాం.