హ్యాండ్ బ్రేక్ లూజైతే బిగించాల్సింది ఎక్కడ? అపోహలు - వాస్తవాలు

చిన్న కార్లలో హ్యాండ్ బ్రేక్ గురించి వచ్చే ఫిర్యాదు దాదాపు ఒకటే: “లివర్ చంకదాకా లేస్తోంది, అయినా బండి నిలబడట్లేదు. కాస్త బిగించి ఇవ్వండి.” బిగించడం పెద్ద పనేం కాదు. ఎక్కడ బిగించాలో తెలియకపోవడం వల్లే బాగున్న బ్రేకులు కూడా పాడవుతున్నాయి. మధ్యలో లివర్, అక్కడి నుంచి వెనక డ్రమ్ బ్రేకులకు కేబుల్ ఉన్న మామూలు చిన్న కార్ల గురించే ఇక్కడ చెబుతున్నాను.

అపోహ: లివర్ పైదాకా వస్తోందంటే కేబుల్ సాగిపోయినట్టే.

వాస్తవం: కేబుల్ అంటే ఉక్కు తీగలు పేనిన తాడు. కొత్తగా వేసినప్పుడు కొంచెం సర్దుకుంటుంది. ఆ తర్వాత ఉన్నట్టుండి సాగడం అరుదు. లూజు ఎక్కువగా డ్రమ్ లోపల ఉంటుంది. చక్రంతో పాటు తిరిగే డ్రమ్‌ను లోపలి నుంచి ఒత్తి ఆపేవి బ్రేక్ షూలు. వాటి మీదున్న లైనింగ్, అంటే రాపిడి పొర, అరిగేకొద్దీ షూకీ డ్రమ్‌కీ మధ్య సందు పెరుగుతుంది. లివర్ ఎత్తినప్పుడు ముందు ఆ సందు పూడాలి, ఆ తర్వాతే పట్టు మొదలవుతుంది. సందును ఎప్పటికప్పుడు తగ్గించడానికి షూల మధ్య ఒక అడ్జస్టర్ ఉంటుంది. అది దుమ్ముతోనో తుప్పుతోనో బిగుసుకుపోతే దాని పని ఆగిపోతుంది. లివర్ మాత్రం నెలనెలా ఇంకాస్త పైకి లేస్తూ ఉంటుంది.

ఏదీ విప్పకుండానే దీన్ని కొంతవరకు తేల్చుకోవచ్చు. బండిని చదునైన చోట ఆపి, ఇంజన్ ఆన్‌లో, గేర్ న్యూట్రల్‌లో ఉంచి ఫుట్ బ్రేక్ తొక్కండి. పెడల్ ఎంత లోతుకు వెళ్తోందో గమనించండి. వదిలేసి, హ్యాండ్ బ్రేక్ రెండు మూడు పళ్లు (టిక్కులు) ఎత్తి మళ్లీ తొక్కండి. ఈసారి పెడల్ ముందుకంటే పైనే ఆగిందంటే వెనక షూల సందు పెరిగినట్టే. రెండుసార్లూ తేడా లేకపోతే అప్పుడు కేబుల్ వైపు చూడొచ్చు.

అపోహ: లివర్ దగ్గరున్న నట్టు నాలుగు చుట్లు తిప్పితే సరిపోతుంది.

వాస్తవం: ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఆ నట్టు బిగించగానే లివర్ కిందికి వచ్చేస్తుంది, బ్రేక్ గట్టిగా పడుతుంది, అందరూ సంతోషిస్తారు. లోపల జరిగేది వేరు. డ్రమ్ తీస్తే వెనక షూకి ఆనుకుని ఒక ఇనప రేకు లివర్ కనిపిస్తుంది, కేబుల్ కొస తగిలించేది దానికే. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించినప్పుడు ఆ రేకు తన ఆనిక మీద కూర్చోవాలి. నట్టు అతిగా బిగిస్తే అది ఎప్పుడూ కాస్త ముందుకు లాగి ఉండి, షూలను కొద్దిగా విచ్చదీసే ఉంచుతుంది. దాంతో సందు పెరిగిన సంగతి అడ్జస్టర్‌కు అందదు, అది ఒక్క పన్ను కూడా తిరగదు. లైనింగ్ మళ్లీ అరుగుతుంది, మళ్లీ లూజు, మళ్లీ నట్టు. చివరికి నట్టుకు మర మిగలదు. ఈలోగా షూలు డ్రమ్‌కు రాసుకుంటూ ఉంటే చక్రం వేడెక్కుతుంది, మైలేజీ పడిపోతుంది, కమురు వాసన కూడా రావచ్చు.

అందుకే పని డ్రమ్ దగ్గర మొదలై లివర్ దగ్గర ముగియాలి. బండి చదునైన నేల మీద ఉండాలి. హ్యాండ్ బ్రేక్ ఎలాగూ దించుతాం కాబట్టి ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టాలి, వెనక భాగాన్ని స్టాండ్ల మీద నిలపాలి. ఒట్టి జాకీని నమ్మి కింద దూరకండి. మొదట నట్టు వదులు చేసి కేబుల్‌ను పూర్తిగా సడలించాలి. డ్రమ్ రాకపోతే అంచు మీద సుత్తితో బాదకండి, పోత ఇనుము, పగులుతుంది. చాలా డ్రముల మీద మరలున్న రెండు రంధ్రాలు ఉంటాయి. వాటిలో తగిన బోల్టులు బిగిస్తూ పోతే డ్రమ్ దానంతటదే బయటికి జరుగుతుంది. అప్పటికీ రాకపోతే డ్రమ్ వెనకనున్న బ్యాక్ ప్లేట్ రేకుకున్న రబ్బరు మూత తీసి, ఆ సందులోంచి అడ్జస్టర్‌ను వెనక్కి తిప్పాలి.

అడ్జస్టర్ విప్పి శుభ్రం చేసి, మర మీద బ్రేకులకు వాడే గ్రీజు పలచగా రాసి, వేలితో తిప్పితే హాయిగా తిరిగేలా చేయాలి. ఒక్కో వైపే విప్పండి, రెండోది చూసుకుంటూ బిగించడానికి ఉంటుంది. పైగా చాలా కార్లలో కుడి, ఎడమ అడ్జస్టర్ల మర వేర్వేరు దిక్కులకు ఉంటుంది. అటుదిటు మారిందా, బ్రేక్ వేసిన ప్రతిసారీ సందు తగ్గే బదులు పెరుగుతుంది.

తర్వాత డ్రమ్ లేశంగా రాసుకుంటూ లోపలికి దూరేంతవరకు అడ్జస్టర్ పెంచాలి. డ్రమ్ ఎక్కించి పెడల్‌ను చాలాసార్లు తొక్కితే షూలు మధ్యకు సర్దుకుంటాయి. చక్రం చేత్తో తిప్పితే సుర్రుమని సన్నగా వినిపించవచ్చు గానీ ఎక్కడా పట్టేయకూడదు. ఇక ఇప్పుడు నట్టు సంగతి. లివర్ నాలుగైదు సార్లు గట్టిగా ఎత్తి దించి, కంపెనీ మాన్యువల్‌లో రాసిన పళ్లకు పట్టేలా బిగించాలి. చాలాసార్లు అప్పటికే లూజు పోయి ఉంటుంది, నట్టుతో పనే పెద్దగా ఉండదు. లివర్ దించాక రెండు చక్రాలూ స్వేచ్ఛగా తిరిగితేనే పని అయినట్టు.

అపోహ: బ్రేక్ ఆయిల్ తగ్గింది, అందుకే హ్యాండ్ బ్రేక్ పట్టట్లేదు.

వాస్తవం: ఈ హ్యాండ్ బ్రేక్‌కూ ఆయిల్‌కూ సంబంధం లేదు. సైకిల్ బ్రేకు మాదిరిగా తీగ లాగితే పనిచేసేదే. ఆయిల్ నిజంగానే తగ్గుతుంటే మాత్రం అది వేరే సమస్య, ఇంకా పెద్దది.

అపోహ: ఎంత తక్కువ ఎత్తుకు పడితే అంత మంచి బ్రేకు.

వాస్తవం: రెండు టిక్కులకే రాయిలా బిగుసుకునే లివర్‌ను చూసి మురిసిపోతుంటారు. నాకైతే అది చూస్తే అనుమానం. చాలా చిన్న కార్లకు కంపెనీలు చెప్పే లెక్క 4 నుంచి 9 టిక్కుల మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఆ లెక్కకంటే ముందే పట్టేస్తుంటే, దించినప్పుడు షూలు పూర్తిగా వదులుతున్నాయో లేదో చూడాల్సిందే. కొంతదూరం నడిపి ఆగాక వెనక చక్రాల దగ్గర చెయ్యి పెట్టి, డ్రమ్‌ను తాకకుండా, వేడి చూడండి. ఒకటి రెండోదానికంటే బాగా వేడిగా ఉంటే ఆ వైపు ఏదో పట్టేసి ఉంది.

అపోహ: డాష్‌బోర్డ్ మీద లైటు ఆరిందంటే బ్రేకు పూర్తిగా వదిలినట్టే.

వాస్తవం: ఆ లైటును వెలిగించేది లివర్ అడుగునున్న చిన్న స్విచ్. లివర్ కిందికి వచ్చిందా లేదా అన్నదే దానికి తెలుసు. కేబుల్ తొడుగు చీలి, నీళ్లు చేరి, తీగ లోపలే తుప్పుపట్టి ఇరుక్కుపోయినా లైటు ఆరిపోతుంది. ఇలా ఇరుక్కున్న కేబుల్‌కు నూనె పోసి లాభం లేదు, మార్చడమే. చాలా కార్లలో బ్రేక్ ఆయిల్ తగ్గినా ఇదే లైటు వెలుగుతుంది. లివర్ దించినా ఆరకపోతే స్విచ్‌ను తిట్టుకునే ముందు ఆయిల్ డబ్బా చూడండి.

అపోహ: లైనింగ్ మందంగానే ఉంది, కాబట్టి షూలకు ఢోకా లేదు.

వాస్తవం: మందం ఒక్కటే సరిపోదు. ఫుట్ బ్రేక్ తొక్కినప్పుడు ఆయిల్ ఒత్తిడితో షూలను తోసే వీల్ సిలిండర్ చివరనున్న రబ్బరు టోపీని వేలితో కొంచెం మడిచి చూడండి. లోపల తడి కారుతుంటే సిలిండర్ లీకవుతున్నట్టే. ఆ ఆయిల్ లైనింగ్‌కు అంటితే ఎంత బిగించినా జారుతుంది. కడిగి వాడుదామనుకోవద్దు. సిలిండర్ సరిచేసి, రెండు వైపులా షూలు కొత్తవి వేయాలి. డ్రమ్ లోపల చేత్తో తడిమితే అంచున గట్టులా తగులుతుందా? అయితే డ్రమ్ కూడా అరిగింది. దాని గరిష్ఠ వ్యాసం ఎంతో ఎక్కువగా డ్రమ్ మీదే అచ్చువేసి ఉంటుంది, కొలిచి చూడాలి. లోపలి నల్ల పొడిని గాలితో ఊదడం మాత్రం మానండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, కొత్తవాటి పొడి కూడా ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్క్ పెట్టుకుని, బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడిస్తే చాలు.

అపోహ: గేర్‌లో ఉంచితే హ్యాండ్ బ్రేక్ అక్కర్లేదు.

వాస్తవం: ముందు చక్రాలతో నడిచే కారులో గేరు పట్టుకునేది ముందు చక్రాలను, హ్యాండ్ బ్రేక్ పట్టుకునేది వెనక వాటిని. వాలులో రెండూ కావాలి. ఫుట్ బ్రేక్ తొక్కి ఉంచి, హ్యాండ్ బ్రేక్ ఎత్తి, పాదం మెల్లగా వదిలి బండి నిలిచిందని చూశాక గేరు వేయండి. ఆటోమేటిక్ అయితే ఇదే వరుసలో చివర ‘పీ’ పెట్టాలి. లేకపోతే బండి బరువంతా గేర్‌బాక్స్‌లోని చిన్న కొక్కెం మీద పడుతుంది. బండిని వారాల తరబడి కదపకుండా ఉంచేటప్పుడు మాత్రం, చదునైన చోటైతే, గేరు వేసి చక్రాలకు దిమ్మలు పెట్టి హ్యాండ్ బ్రేక్ దించేయడమే మేలు. తడిగా ఉన్న షూలు తుప్పుతో డ్రమ్‌కు అతుక్కుపోతాయి.

వెనక డిస్కులున్న కార్లకు పైన చెప్పిన వరుస అలాగే వర్తించదు. బటన్‌తో పనిచేసే ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేక్ అయితే సర్వీస్ మోడ్‌లో పెట్టకుండా కాలిపర్ (డిస్కును పట్టే భాగం) పిస్టన్‌ను వెనక్కి నొక్కకూడదు, దాని మోటారు యంత్రాంగం పాడవొచ్చు.