ఒకటే ట్రాన్స్‌మిటర్, రెండు పీఎల్‌సీలు: 4–20 మిల్లీ యాంపుల సిగ్నల్ పంచుకోవాలంటే

రాయగడ, తెరుబలి, దమన్‌జోడి వైపు పేపరు, ఫెర్రో అల్లాయ్, అల్యూమినా ప్లాంట్లలో ఇన్‌స్ట్రుమెంట్ పని చేసే మన తెలుగు కుర్రాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు ఈ పని తగులుతుంది. నాగావళి ఒడ్డున ఒక పంప్‌హౌస్ ఉందనుకోండి, దానికో పీఎల్‌సీ (పంపులు, వాల్వులు నడిపే ఇండస్ట్రియల్ కంప్యూటర్), అర కిలోమీటరు అవతల నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటుకి ఇంకో పీఎల్‌సీ, ట్యాంకు మీద లెవెల్ ట్రాన్స్‌మిటర్ మాత్రం ఒక్కటే. రీడింగ్ ఇద్దరికీ కావాలి. రెండు వైర్లు లాగి కలిపేస్తే అయిపోతుంది కదా అనిపిస్తుంది, కానీ ఎలా కలుపుతున్నాం అన్నదాంట్లోనే ఉంది మొత్తం కథ.

ఈ ట్రాన్స్‌మిటర్ లెవెల్‌ని కరెంటుగా మార్చి పంపుతుంది, ట్యాంకు ఖాళీ అయితే 4 మిల్లీ యాంపులు, నిండితే 20. సున్నా నుంచి కాకుండా 4 నుంచి ఎందుకు మొదలుపెట్టారంటే వైరు తెగితే కరెంటు సున్నా అయిపోతుంది, ఖాళీ ట్యాంకు వేరు తెగిన వైరు వేరు అని వెంటనే తెలుస్తుంది, పైగా ట్రాన్స్‌మిటర్ తను బతకడానికి కావలసిన పవర్ కూడా ఆ 4 మిల్లీ యాంపుల్లోంచే తీసుకుంటుంది. అంతకుముందు గాలి ఒత్తిడితో సిగ్నల్ పంపే రోజుల్లో 3 నుంచి 15 పీఎస్‌ఐ వాడేవాళ్ళు, చూడండి అక్కడా నిష్పత్తి ఒకటికి ఐదే. 1975లో అమెరికా ఇన్‌స్ట్రుమెంట్ సొసైటీ స్టాండర్డ్‌లోకి ఎక్కిన ఈ 4–20 ఇప్పటికీ నడుస్తోంది.

కరెంటు సిగ్నల్‌ని ఎప్పుడూ పారలల్‌లో పంచకూడదు. రెండు పీఎల్‌సీల ఇన్‌పుట్ కార్డులూ (సిగ్నల్ వైర్లు వచ్చి చేరే భాగాలు) పక్కపక్కన కలిపితే కరెంటు చీలిపోతుంది, రెండూ ఒకే రకం కార్డులైతే ఒక్కోదానికి సగమే వెళ్తుంది, ట్యాంకు నిండినా రెండూ 10 మిల్లీ యాంపులే చూపిస్తాయి. సిరీస్‌లో పెట్టాలి. ఒకే పైపు మీద ఒకదాని తర్వాత ఒకటి రెండు వాటర్ మీటర్లు పెడితే రెండిట్లోనూ అవే నీళ్ళు పోతాయి కదా, అలాగన్నమాట. కాకపోతే ఒక్కో మీటరు దగ్గర కొంత ప్రెషర్ పోతుంది, ఇక్కడ పోయేది వోల్టేజీ.

చాలామంది వదిలేసే లెక్క ఇదే. ఇన్‌పుట్ కార్డులో 250 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటే 20 మిల్లీ యాంపుల దగ్గర 5 వోల్టులు తింటుంది, రెండు కార్డులకి 10. అర కిలోమీటరు కేబులు రానుపోను ఒక కిలోమీటరు, 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరైతే దాదాపు 12 ఓమ్‌లు, అంటే పావు వోల్టు, పెద్ద లెక్కలోది కాదు. 24 వోల్టుల సప్లైలో ట్రాన్స్‌మిటర్‌కి ఇంకా పదమూడున్నర పైనే మిగులుతుంది, దానికి 11 కావాలనుకుంటే హాయిగా సరిపోతుంది. కానీ అదే లూప్‌లో, అంటే కరెంటు తిరిగే ఈ దారిలో, 300 ఓమ్‌ల సేఫ్టీ బారియర్ (పేలుడు ప్రమాదం ఉన్నచోటికి ఎక్కువ కరెంటు పోకుండా ఆపేది) ఉంటే? మొత్తం 812 ఓమ్‌లు, ట్రాన్స్‌మిటర్‌కి 11 పోగా మిగిలే 13 వోల్టులతో దాంట్లోంచి 16 మిల్లీ యాంపుల కన్నా ఎక్కువ తోయలేం. ఘోరం ఏంటంటే ట్యాంకు సగం ఉన్నంతసేపూ రీడింగ్ శుభ్రంగా ఉంటుంది, 75 శాతం దగ్గర ఆగిపోతుంది, నీళ్ళు ఇంకా పెరుగుతున్నా స్క్రీన్ మీద అంకె కదలదు, సరిగ్గా పొర్లిపోయే ముందు కళ్ళు మూసుకుంటుందన్నమాట. అందుకే సగం లెవెల్‌లో చూసి ఓకే అనేసే టెస్టింగ్ అంటే నాకు అస్సలు నమ్మకం లేదు.

రెండోది గ్రౌండ్. చాలా కార్డుల్లో ఛానెళ్ళ మైనస్‌లన్నీ లోపల ఒకటే కామన్‌కి కలిసి ఉంటాయి, ఆ కామన్ ప్యానెల్ ఎర్త్‌కి పోతుంది. రెండు పీఎల్‌సీలూ అలాంటివే అయితే మొదటి కార్డులోంచి బయటికొచ్చిన కరెంటు రెండోదాంట్లోకి వెళ్ళకుండా ఎర్త్ దారిలో సప్లైకి తిరిగి వెళ్ళిపోతుంది, రెండోది వైర్ బ్రేక్ చూపిస్తుంది. మైనస్ ఎర్త్ అయిన కార్డు లూప్‌లో ఒక్కటే ఉండాలి, అదీ ఆఖరున, సప్లై మైనస్ పక్కన. దాని ముందున్న కార్డు ఐసొలేటెడ్, అంటే ఎర్త్‌తో సంబంధం లేనిది, అయి ఉండాలి. పైగా రెండు బిల్డింగుల ఎర్త్ ఒకే వోల్టేజీలో ఉండదు, వానాకాలంలో ఈ కొండల్లో పిడుగులు పడ్డప్పుడైతే అసలు చెప్పక్కర్లేదు.

ఇంకోటి, సిరీస్‌లో ఒక పీఎల్‌సీ వాళ్ళు మెయింటెనెన్స్‌కని టెర్మినల్ విప్పితే లూప్ తెగి రెండోదానికీ రీడింగ్ పోతుంది. అందుకే నా సలహా సిగ్నల్ స్ప్లిట్టర్: ఒక ఇన్‌పుట్, ఒకదానికొకటి సంబంధం లేని రెండు అవుట్‌పుట్లు, ఒకటి విప్పినా రెండోది నడుస్తుంది, పైన చెప్పిన వోల్టేజీ, గ్రౌండ్ గొడవలు కూడా చాలావరకు తీరతాయి. మొదటి పీఎల్‌సీ చదివి మోడ్‌బస్ (పీఎల్‌సీలు ఒకదానికొకటి డేటా పంపుకునే పద్ధతి) మీద రెండోదానికి పంపడం చవక, కానీ మొదటిది ఆగితే రెండోదానికి కొత్త రీడింగ్ రాదు, పాత అంకే అలా ఉండిపోవచ్చు, అది కనిపెట్టే లాజిక్ రాసుకోవాలి.

ఆ రెండో పీఎల్‌సీ పని ప్రమాదం వస్తే ప్లాంటు ఆపడమే అయితే మాత్రం పంచుకోవద్దు, దానికి వేరే ట్రాన్స్‌మిటర్, వేరే కేబులు పెట్టండి. స్ప్లిట్టర్ పెట్టినా దాని పవర్ పోతే ఇద్దరికీ ఒకేసారి రీడింగ్ పోతుంది కదా. మామూలు కంట్రోలుకైతే పని అయ్యాక ట్రాన్స్‌మిటర్‌తోనే 20 మిల్లీ యాంపులు పంపించి రెండు స్క్రీన్లలోనూ 100 శాతం చూసి, తర్వాత ఒక్కో పీఎల్‌సీ వైపు వైరు విప్పి రెండోది ఏమంటుందో కూడా చూసి అప్పుడు ప్యానెల్ తలుపు వేయండి.