‘మిస్సమ్మ’ పాటలు: పెళ్లి మండపాల్లో వినబడే అపోహలు

ఇరవై ఏళ్లుగా తిరుపతి, చిత్తూరు కల్యాణ మండపాల్లో ఆర్కెస్ట్రాతో పాడుతున్నాను. ఏ రిసెప్షన్‌కి వెళ్లినా 1955 నాటి ‘మిస్సమ్మ’ పాట కావాలని ఒక చీటీ వస్తుంది. చీటీతో పాటు కొన్ని నమ్మకాలూ వస్తాయి.

అపోహ: ఎన్టీఆర్ సినిమా కదా, పాడింది ఘంటసాలే.

వాస్తవం: ఇందులో ఎన్టీఆర్‌కి పాడింది ఏ.ఎం. రాజా. ఆయన తమిళాయన అనుకునేవాళ్లు కూడా చాలామంది. ఆయన 1929లో మన చిత్తూరు జిల్లా రామాపురంలోనే పుట్టారు. ఆయన భార్య, గాయని జిక్కి పుట్టింది తిరుపతి పక్కనున్న చంద్రగిరిలో. ఈ సంగతి మైకులో చెప్పగానే వెనక కుర్చీల్లో కబుర్లాడుకుంటున్న పెద్దవాళ్లు టక్కున ఇటు తిరుగుతారు. ఆ చూపు కోసమే ప్రతి ప్రోగ్రాంలోనూ చెబుతాను.

అపోహ: ‘రావోయి చందమామ’ కొత్త జంటకి పాడే ప్రేమ యుగళగీతం.

వాస్తవం: అది తగువు పాట. మొగుడూ పెళ్లాలైన గ్రాడ్యుయేట్లకే టీచరు ఉద్యోగాలు ఇస్తామంటే, పెళ్లికాని ఇద్దరు దంపతులమని చెప్పుకుని చేరతారు. ఆ ఇద్దరూ ఒకరి మీద ఒకరు చందమామకి చెప్పుకునే ఫిర్యాదు అది. మా ట్రూప్‌లో కొత్తగా చేరిన అమ్మాయి రిహార్సల్లో దీన్ని నవ్వుతూ, సాగదీసి పాడింది. “అమ్మా, కోపం వద్దు, మురిపెం వద్దు. అలిగినట్టు పాడు” అన్నాను. లైను చివర మాటని లాగకుండా చటుక్కున వదిలేసింది. అంతే, పాట రాసిన పింగళి గారి చమత్కారం బయటపడింది. ఇది పెళ్లిలో పాడకూడదని కాదు, పెళ్లికి ఇంతకన్నా తగిన పాట నాకు తెలియదు. కాకపోతే అలక వినబడాలి.

అపోహ: కామెడీ సినిమా పాటలు తేలిక, ఎవరైనా పాడేయొచ్చు.

వాస్తవం: ‘తెలుసుకొనవె యువతి’ మోహన రాగంలో ఉంది. ఉన్నవి ఐదే స్వరాలు, దాక్కోవడానికి చోటుండదు. ఆ రాగంలో లేని మధ్యమం (మ) పొరపాటున తగిలినా వినేవాళ్లకి తెలిసిపోతుంది. పైగా రాజా గొంతు పెంచరు. నేను మైకు దగ్గరికి తీసుకుని, గొంతు సగానికి తగ్గిస్తాను. సౌండ్ అతనికి ముందే చెబుతాను: “ఎకో తీసేయ్ తమ్ముడూ, మాటలు అలుక్కుపోతాయి.”

అపోహ: తమిళం నుంచి డబ్బింగ్ చేశారు. (ఇది చిత్తూరు వైపు ఎక్కువ.)

వాస్తవం: ఎల్.వి. ప్రసాద్ గారు రెండు భాషల్లోనూ ఒకేసారి తీశారు. తమిళంలో హీరో జెమినీ గణేశన్. సావిత్రి రెండింట్లోనూ ఉన్నారు, రాజా రెండింట్లోనూ పాడారు. వియ్యాలవారు వేలూరు వాళ్లయితే నేను ‘రావోయి చందమామ’ పల్లవి తెలుగులో ఎత్తుకుని, రెండోసారి అదే వరసలో ‘వారాయో వెన్నిలావే’ అంటాను. రెండు పక్కల వాళ్లూ కలిసి తాళం వేస్తారు.

అపోహ: ‘బృందావనమది అందరిదీ’ హిందీ ట్యూన్.

వాస్తవం: ఆ వరస సాలూరి రాజేశ్వరరావు గారిది. ‘మిస్సమ్మ’నే హిందీలో తీసిన 1957 నాటి ‘మిస్ మేరీ’కి ఇక్కడినుంచే వెళ్లింది.