జర్నల్‌లో వచ్చింది కదా, ఇంకేంటి అనుమానం?

వారానికి ఒకటైనా ఇలాంటి మెసేజ్ వస్తుంది. ఏదో పరిశోధన పేపర్ మొదటి పేజీ ఫొటో, కింద ఒక ప్రశ్న: "సార్, పెద్ద జర్నల్‌లోనే వచ్చింది. నాన్నగారి బీపీ మాత్రలు ఆపేయమంటారా?" నేను డాక్టర్‌ని కాను. స్టాటిస్టిక్స్ నా పని. వైద్యం పేపర్లకూ ఆర్థికశాస్త్రం పేపర్లకూ లెక్కలు చూసి జర్నళ్లకు రివ్యూలు రాస్తుంటాను. అందుకే నాకు పంపుతారు. అందరికీ ముందు ఒకటే చెబుతాను: మాత్రలు ఆపకండి, మీ డాక్టర్‌ని అడగండి. పేపర్ సంగతి ఆ తర్వాత.

అపోహ: పీర్ రివ్యూ, అంటే అదే రంగం వాళ్లు చేసే పరిశీలన, దాటి అచ్చయిందంటే రుజువైపోయినట్టే.

వాస్తవం: కాదు. రివ్యూలో ఏం జరుగుతుందో లోపలి మనిషిగా చెబుతాను. ఎడిటర్ ఇద్దరికో ముగ్గురికో పేపర్ పంపుతారు. సాధారణంగా మాకు డబ్బులేమీ ఇవ్వరు. సొంత పని అయ్యాక రాత్రిపూట కూర్చుని చదువుతాం. పద్ధతి సబబుగా ఉందా, చేసిన లెక్కకూ చెప్పిన మాటకూ పొంతన ఉందా అని చూస్తాం. అసలు డేటా చాలాసార్లు మా చేతికి రాదు. ప్రయోగం మళ్లీ చేయం. ఆ రోగులు నిజంగా ఉన్నారో లేరో వెళ్లి లెక్కపెట్టం. రాసినవాళ్లు అబద్ధం చెప్పరన్న నమ్మకంతోనే మొదలుపెడతాం.

ఆ నమ్మకం ఎంత దూరం తీసుకెళ్తుందో 2020లో చూశాం. మే 22న లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో ఒక పేపర్ వచ్చింది. దాదాపు 96 వేల మంది కోవిడ్ రోగుల రికార్డులు చూశామని, మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడినవాళ్లలో మరణాలు ఎక్కువని దాని సారాంశం. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగుల మీద మందులు పరీక్షించే తన ట్రయల్‌లో ఆ మందును కొన్నాళ్లు ఆపేసింది. బయటి పరిశోధకులు డేటా చూపించమని పట్టుబట్టారు. డేటా మాదేనన్న కంపెనీ దాన్ని తనిఖీకి ఇవ్వలేదు. జూన్ 4న పేపర్ వెనక్కి తీసుకున్నారు. ఆసుపత్రిలో చేరిన రోగులకు ఆ మందు ఉపయోగపడదని పెద్ద ట్రయల్స్ తర్వాత తేల్చాయి, అది వేరే సంగతి. ఈ పేపర్‌కి మాత్రం ఆ ఘనత దక్కదు.

ఇది రెండు వారాల్లోపే తేలింది. 1998లో అదే జర్నల్‌లో 12 మంది పిల్లల మీద వచ్చిన పేపర్ ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉందేమోనన్న భయం రేపింది. దాన్ని పూర్తిగా ఉపసంహరించింది 2010లో. ఆ మధ్యకాలంలో టీకాకు జంకిన తల్లిదండ్రులను నేను తిట్టలేను. వాళ్లు చూసింది ఎవరో పుట్టించిన పుకారు కాదు, పేరున్న జర్నల్ పేజీ. పేపర్ పోయి ఇన్నేళ్లయినా దాన్నే తిప్పుతున్నవాళ్లను చూస్తేనే ఒళ్లు మండుతుంది.

తప్పులు వదిలేయడంలో నేనేమీ తక్కువ వాణ్ని కాదు లెండి. ఓసారి ఒక పేపర్‌లోని రిగ్రెషన్ మోడల్ (ఒకదాని మీద మరొకటి ఎంత ఆధారపడిందో చూసే లెక్క) మీద ఒకటిన్నర పేజీ వ్యాఖ్యలు రాసి, వాళ్లు సరిదిద్దాక ఓకే చేశాను. అచ్చయిన కొన్ని నెలలకు ఒక పీహెచ్‌డీ అమ్మాయి ఎడిటర్‌కి ఉత్తరం రాసింది. రెండో పట్టికలో మగ రోగులనూ ఆడ రోగులనూ కలిపితే మొత్తం రోగుల కన్నా ఎక్కువ వస్తున్నారట! కూడిక. నేను చూడనిది కూడిక. అప్పటినుంచి ఏ పేపర్ వచ్చినా ముందు పట్టికలు కూడి, తర్వాతే మోడల్ జోలికి వెళ్తున్నాను.

ఆర్థికశాస్త్రంలో ఇలాంటిదే ఇంకా పెద్దది జరిగింది. దేశం అప్పు జీడీపీలో 90 శాతం దాటితే వృద్ధి పడిపోతుందని ఆర్థికవేత్తలు రైన్‌హార్ట్, రోగాఫ్ 2010లో రాశారు. వాళ్ల లెక్కలో ఆ దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతం. ఖర్చులు తగ్గించాలన్న నాయకులు దాన్ని తెగ వాడుకున్నారు. అది సమావేశ పత్రాల సంచికలో వచ్చింది, మామూలు రివ్యూ కూడా జరగలేదు. వాడుకున్నవాళ్లకు ఆ పట్టింపు ఎక్కడిది? థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి క్లాసు పనిలో భాగంగా ఆ లెక్క మళ్లీ చేయబోతే కుదరలేదు. రచయితలనే ఎక్సెల్ ఫైల్ అడిగి తెప్పించుకున్నాడు. సగటు తీసేచోట ఐదు దేశాల వరుసలు ఎంపికలోకే రాలేదు. కొన్ని సంవత్సరాల లెక్కలు వదిలేయడం, సగటు తీసిన తీరు కూడా తోడయ్యాయి. అన్నీ సరిచేస్తే 2.2 శాతం వచ్చింది. ఇది 2013లో బయటపడింది.

అపోహ: రిస్క్ రెట్టింపు అంటే ప్రమాదం ముంచుకొచ్చినట్టే.

వాస్తవం: దేనికి రెట్టింపో అడగండి. 1995లో బ్రిటన్‌లో కొన్ని రకాల గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపవుతుందని హెచ్చరిక వచ్చింది. అసలు లెక్క 7,000 మందిలో ఒకరి నుంచి ఇద్దరికి. చాలామంది హడలిపోయి మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది గర్భస్రావాలు వేల సంఖ్యలో పెరిగాయి. గర్భం వస్తే రక్తం గడ్డకట్టే ముప్పు ఆ మాత్రల కన్నా ఎక్కువ!

మిగతావి గబగబా చెప్పేస్తాను.

పీ వాల్యూ అంటే, అసలు ప్రభావమే లేకపోయినా ఇంత లేదా ఇంతకన్నా పెద్ద తేడా యాదృచ్ఛికంగా కనబడే అవకాశం. అది 0.05 కన్నా తక్కువుంటే 95 శాతం నిజమని కాదు. ఎన్నిసార్లు చెప్పినా ఇదే మాట.

ఉపసంహరించిన ప్రతి పేపరూ మోసం కాదు. తప్పు తామే కనుక్కుని వెనక్కి తీసుకునేవాళ్లున్నారు. వాళ్లకు దండం పెట్టాలి.

ప్రీప్రింట్, అంటే రివ్యూ కాకముందే నెట్‌లో పెట్టే పేపర్, చెత్త అనుకోవద్దు. గణితవేత్త పెరెల్‌మాన్ పాంకరే సమస్య అనే ప్రసిద్ధ గణిత చిక్కుముడికి పరిష్కారాన్ని 2002, 2003లలో ఆర్కైవ్ అనే ప్రీప్రింట్ల వెబ్‌సైట్‌లో పెట్టి ఊరుకున్నాడు, ఏ జర్నల్‌కీ పంపలేదు. మిగతా గణితవేత్తలు ఏళ్ల తరబడి వరుస వరుసా పరిశీలించి ఒప్పుకున్నారు. పది లక్షల డాలర్ల బహుమతి ఇస్తామంటే వద్దన్నాడు. మరోవైపు నాలుగు రంగుల సిద్ధాంతానికి (పక్కపక్క ప్రాంతాలకు ఒకే రంగు రాకుండా ఏ మ్యాప్‌కైనా నాలుగు రంగులు చాలని చెప్పేది) కెంప్ 1879లో ఇచ్చిన రుజువు అచ్చయింది, మెప్పు పొందింది. అందులో తప్పుందని హీవుడ్ 1890లో చూపించాడు.

ఇంటర్నెట్ నియమాలు చదివేవాళ్లకూ ఇదే జబ్బు. ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ పనితీరు గురించి నంబర్లు వేసి ప్రచురించే పత్రాలు. ఆ నంబర్ ఉంటే చాలు, ప్రమాణమే అనుకుంటారు. కొన్ని సమాచారం కోసం, కొన్ని ప్రయోగం కోసం రాసినవి. అన్ని ఆర్‌ఎఫ్‌సీలూ ప్రమాణాలు కావని చెప్పడానికే 1995లో మరో ఆర్‌ఎఫ్‌సీ రాయాల్సి వచ్చింది, దాని నంబర్ 1796. ఇక 1149 అయితే పావురాల కాళ్లకు కట్టి డేటా పంపే పద్ధతి. తేదీ 1990 ఏప్రిల్ 1. నార్వేలోని బెర్గెన్‌లో కొందరు 2001లో దాన్ని నిజంగానే చేసి చూశారు. తొమ్మిది ప్యాకెట్లు (డేటా ముక్కలు) పంపితే నాలుగింటికి జవాబొచ్చింది, ఒక్కోదానికి దాదాపు గంట నుంచి గంటా ముప్పావు పట్టింది.