ఇంగ్లిష్ ఇడియమ్స్: అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులు చెబుతాను. ఇంటర్వ్యూ కాల్ రాగానే పిల్లలు పరుగెత్తుకొచ్చి అడిగేది ఒకటే: "సార్, ఒక యాభై ఇడియమ్స్ రాసివ్వండి, బట్టీ పట్టేస్తాం." ఇడియమ్ అంటే మన జాతీయం లాంటిది: విడి మాటల అర్థం వేరు, మొత్తం కలిపితే వచ్చే అర్థం వేరు.

అపోహ: సినానిమ్ (అదే అర్థం ఉన్న ఇంకో మాట) అంటే ఒకదాని బదులు ఇంకోటి వాడేయొచ్చు.

పిల్లల్ని అన్నింటికన్నా ఎక్కువగా దెబ్బతీస్తున్నది ఇదే. పోయినేడాది మాక్ ఇంటర్వ్యూలో తాడిపత్రి కుర్రాడిని కుటుంబం గురించి చెప్పమన్నాను. చేతులు వణుకుతున్నాయి పాపం. "మై ఫాదర్ కిక్డ్ ద బకెట్ ఇన్ 2021, సార్" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. వాడి తప్పేం లేదు. చేతిలోని జిరాక్స్ షీట్లో 'డై = కిక్ ద బకెట్' అనే ఉంది. క్లాసయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని, "నాయనా, బాల్చీ తన్నేశాడు అని తెలుగులో ఎవరిని అంటాం?" అని అడిగాను. తల దించుకున్నాడు. కాసేపాగి, "మా అవ్వయితే 'దేవుడి దగ్గరికి పోయినాడు' అంటాది సార్" అన్నాడు. ఆ మర్యాద ఉన్న మాట ఇంగ్లిష్‌లోనూ ఉంది: పాస్డ్ అవే.

ఫేమస్, నటోరియస్ రెండూ పేరుమోసినవే, కానీ రెండోది చెడ్డపేరు. స్లిమ్ అంటే మెచ్చుకోలు, స్కిన్నీ అంటే బక్కచిక్కావని వంక పెట్టడం. డిక్షనరీలో అర్థం ఒక్కటే చూసి మూసేయకండి. పక్కన 'ఇన్ఫార్మల్' అని ఉందేమో, ఉదాహరణ వాక్యం ఎలా ఉందో చూడండి.

అపోహ: ఇడియమ్‌లో ఒక మాట మారిస్తే ఏం కాదు.

'నీళ్లు నమిలాడు' బదులు 'మజ్జిగ నమిలాడు' అంటామా? 'పీస్ ఆఫ్ కేక్' (చాలా తేలికైన పని) కూడా అంతే, కేక్ బదులు స్వీటు పెడితే కుదరదు.

అపోహ: పెద్ద వానంటే 'క్యాట్స్ అండ్ డాగ్స్' అనాల్సిందే.

అది పాతబడింది. 'ఇట్స్ పోరింగ్' చాలు.

అపోహ: 'ప్రీపోన్' (అనుకున్న తేదీ కన్నా ముందుకు జరపడం) అనే మాటే లేదు.

ఉంది, ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలోకీ ఎక్కింది. మన దేశం దాటితే మాత్రం 'బ్రింగ్ ఫార్వర్డ్' అనండి. 'పాస్డ్ అవుట్' అంటే మనకు చదువు పూర్తయినట్టు, అమెరికా వాళ్లకు స్పృహ తప్పినట్టు. 'గ్రాడ్యుయేటెడ్' అంటే ఏ గొడవా లేదు.

అపోహ: ఇడియమ్స్ రాకపోతే ఉద్యోగం రాదు.

స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ పరీక్షల్లో అడుగుతారు, వాటికోసం నేర్చుకోండి. ఇంటర్వ్యూలో కూర్చున్నవాళ్లు మీ ఇడియమ్స్ లెక్కపెట్టరు. ఇడియమ్స్ లేకపోతే ఉద్యోగం రాదని ఎవరు చెప్పినా నమ్మి టెన్షన్ పడొద్దు.

తాడిపత్రి కుర్రాడు వారం తర్వాత మళ్లీ మాక్‌కి కూర్చున్నాడు. "ఐ లాస్ట్ మై ఫాదర్ ఇన్ 2021. మై మదర్ రన్స్ ద హౌస్" అన్నాడు. ఈసారి చేతులు వణకలేదు.